మాటలు రాని డీవీడీ

మా తమ్ముడి కంప్యూటర్లో ఆ సినిమా వేస్తే పాటలు వచ్చేవి, వాన చప్పుడు వచ్చేది, కారు తలుపు వేసిన మోత కూడా వచ్చేది. మాటలు మాత్రం వచ్చేవి కావు. హీరో నోరు తెరిచేవాడు, హీరోయిన్ నోరు తెరిచేది, వెనకాల వయొలిన్లు మోగేవి, ఒక్క ముక్క వినబడేది కాదు. ఇంకొకరి ఇంట్లో అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతి. మా ఇంట్లో అలా కాదు. ఆ హీరోయిన్ నోట్లోంచి రావలసిన గొంతు నాది. అది నిజంగా నాదేనా, లేక నా గొంతు తీసేసి నాతో పనిచేసే గుడివాడ పిల్ల గొంతు పెట్టారా అన్నది తేల్చుకోవడానికే పట్టుబట్టి ఆ డీవీడీ తెప్పించాను.

నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. బొంబాయి నుంచి వచ్చే హీరోయిన్లకి తెలుగు రాదు కాబట్టి, వాళ్ళ పెదాలు చూస్తూ వాళ్ళ మాటలు మేం చెబుతాం. ఫిల్మ్ నగర్‌లో చీకటి గది, ఎదురుగా తెర, మూతి దగ్గర మైకు, అదీ మా ఆఫీసు. హీరోయిన్లు నాదాకా వచ్చేవారు కాదు. పనిమనిషి, హీరోయిన్ స్నేహితురాలు, పెళ్ళిలో గుసగుసలాడే ఆడవాళ్ళు, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్, ఇవీ నా పాత్రలు. రహమత్ నగర్‌లో మా ఇల్లు. అక్కడి నుంచి కృష్ణానగర్ దాకా నడక, అక్కడ షేర్ ఆటో. ఆటోలో అందరం సినిమా వాళ్ళమే, ఒక్కరినీ ఎవరూ గుర్తుపట్టరు.

హీరోయిన్లు నాదాకా రాకపోవడానికి కారణం నా నోరు. మాది ఇక్కడి కుటుంబం. మా ఇంట్లో వచ్చిండు, పోయిండు అంటాం. సినిమాలో హీరోయిన్ వచ్చాడు, వెళ్ళాడు అనాలి. ఇప్పుడు రోజులు మారాయి గానీ అప్పట్లో మా మాట తెర మీద వినబడిందంటే అది రౌడీ నోట్లోనో, నవ్వించడానికి పెట్టిన పనిమనిషి నోట్లోనో. అందుకని నేను నా నాలుకను ఏళ్ళ తరబడి సాగదీసి, వంచి, ఆ పక్క మాట నేర్చుకున్నాను. ఇంట్లో అమ్మ చీరలకు ఫాల్ కుడుతుంటే నేను గోడ వైపు తిరిగి వారపత్రికలో సీరియల్ పైకి చదివేదాన్ని. అమ్మ వినీ వినీ, నా సినిమా గొంతు అంటే అదేనని అలవాటు పడిపోయింది.

గుడివాడ పిల్లకి ఇవేవీ అక్కర్లేదు. ఆమె నోరు తెరిస్తే చాలు, అది డబ్బింగే. నాకంటే వెనక వచ్చింది. మొదటి రోజున మైకు ఎంత దూరంలో ఉండాలో నేనే చూపించాను. సంవత్సరం తిరగకుండా హీరోయిన్లకి చెప్పడం మొదలుపెట్టింది. ఆపైన సాఫ్ట్‌వేర్ ఆయన్ని పెళ్ళి చేసుకుని, కృష్ణానగర్ ఇరుకు గది ఖాళీ చేసి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ అవతల ఫ్లాటుకు మారింది. ఆ పని లేకపోయినా ఆమెకి గడుస్తుంది. అయినా వచ్చేది. కారులో దిగి, "బాగున్నారా అక్కా?" అని చెయ్యి పట్టుకునేది. ఆ అక్కా అన్న పిలుపుకి నా ఒళ్ళు మండేది. ఆమె మంచిది కావడం నాకు ఇంకా కష్టంగా ఉండేది. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

నాది అసూయ అని పెద్ద మాట వాడను. అది కుళ్ళు. పొద్దున లేస్తే ఉండేది, పడుకునేటప్పుడూ ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక చిన్న సినిమాలో హీరోయిన్‌కి చెప్పమని నన్ను పిలిచారు. గుడివాడ పిల్ల ఊరెళ్ళిందట, అందుకని. అలాగైతే అలాగే అనుకున్నాను. సినిమా మొత్తం చెప్పాను. డబ్బింగ్ ఇన్‌చార్జి, అంటే మమ్మల్ని పిలిచి పని చేయించే ఆయన, బాగుందమ్మా అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ఇక ఊరుకుంటుందా. నల్లా దగ్గర చెప్పింది, కిరాణా షాపులో చెప్పింది, ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. మా బిడ్డ హీరోయిన్‌కు గొంతిచ్చింది అని. గల్లీ అంతా ఆ సినిమా కోసం ఎదురు చూసింది.

విడుదలకు కాస్త ముందు, స్టూడియో గేటు దగ్గర టీ తాగుతుంటే ఒక మాట చెవిన పడింది. ఆ సినిమాకి మళ్ళీ డబ్బింగ్ జరిగిందని, గుడివాడ పిల్ల కారు ఆ స్టూడియో ముందు కనబడిందని. నా గ్లాసులో టీ అలాగే ఉండిపోయింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి గొంతు తీసి ఎవరి గొంతు పెట్టారన్నది అడగకూడదు. తీసేసిన వాళ్ళకి చెప్పరు, పెట్టిన వాళ్ళు చెప్పుకోరు. అడిగితే ఇన్‌చార్జి మొహం తిప్పుకుంటాడు, అడిగిన మనిషిని మళ్ళీ పిలవడు. థియేటర్లో టికెట్ కొనుక్కుని కూర్చుని, తెర మీద హీరోయిన్ నోరు తెరిచినప్పుడు నీ సంగతి నువ్వు తెలుసుకోవాలి. అంతే.

నాకు ధైర్యం చాలలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే ఆ సినిమా ఎత్తేశారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, థియేటర్ మెట్లెక్కలేదు. గల్లీలో వాళ్ళు ఇంకో పెద్ద సినిమాకి పోయారు. నేను బతికిపోయాను అనుకున్నాను గానీ, తెలియకపోవడం తెలిసినదానికంటే ఎక్కువ తినేస్తుందని అప్పుడే అర్థమైంది. గుడివాడ పిల్ల నవ్వితే, నన్ను చూసి నవ్విందా అనిపించేది. నవ్వకపోతే, దాస్తోందా అనిపించేది.

చివరికి ఆ సినిమా డీవీడీ వచ్చింది. తమ్ముడు అప్పుడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్నాడు. ఆ కోర్సు కోసమే విడిభాగాలు తెచ్చి బిగించిన కంప్యూటర్ మా ఇంట్లో ఉండేది. వాడు దాని మీద ప్రోగ్రాములు రాసినదానికంటే దాని మూత విప్పి లోపల చెయ్యిపెట్టిందే ఎక్కువ. కొత్తగా డీవీడీ డ్రైవ్ కూడా బిగించాడు. ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, అమ్మ కింద గోడకానుకుని కూర్చుంది. నేను మంచం అంచున కూర్చున్నాను. సినిమా మొదలైంది. పేర్లు పడ్డాయి. హీరోయిన్ బస్సు దిగింది. బస్సు మోత వినబడింది. హీరోయిన్ నోరు తెరిచింది.

ఏమీ లేదు.

"ఏందిరా, మాటలు రావేంది?" అంది అమ్మ.

తమ్ముడు సౌండ్ పెంచాడు. సంగీతం ఇల్లెగిరిపోయేలా వచ్చింది, మాట రాలేదు. వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. స్పీకర్లను వీపు మీద చరిచాడు. డిస్కు బయటికి తీసి, బనీనుతో తుడిచి, నోటితో ఊది, మళ్ళీ పెట్టాడు. బస్సు వచ్చింది, హీరోయిన్ దిగింది, నోరు తెరిచింది, మళ్ళీ అంతే. డిస్కే ఖరాబైనట్టుందక్కా అని మార్చుకొచ్చాడు. కొత్తదీ అంతే. ఆశ్చర్యమేమిటంటే, పాత సినిమాల వీసీడీలు వేస్తే మాటలు గణగణా వచ్చేవి. ఇది ఒక్కటే మూగది.

ఆ వారమంతా తమ్ముడు దానితో కుస్తీ పట్టాడు. ఇంకో ప్లేయర్ వేసి చూశాడు. ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఏవో కోడెక్‌లు ఎక్కించుకుని వచ్చాడు. అవి ఉంటే సినిమాలోని శబ్దాన్ని కంప్యూటర్ విడదీసి వినిపిస్తుందట. వినిపించలేదు. హైటెక్ సిటీలో పనిచేసే స్నేహితుణ్ణి పిలిస్తే, ఆయన వచ్చి, విండోస్ మొత్తం తుడిచేసి కొత్తగా వేశాడు. తమ్ముడి కోర్సు పాఠాలు కూడా అందులో కొట్టుకుపోయాయి. మాటలు రాలేదు. ఆయన టీ తాగి, సౌండ్ కార్డ్ మార్చండి అని సలహా ఇచ్చి వెళ్ళాడు. వాళ్ళకి అదొక సరదా సమస్య. నేనొక్కదాన్నే ఆ హీరోయిన్ పెదాలకేసి చూస్తూ కూర్చునేదాన్ని. పెదాలు చూస్తే ఏం తెలుస్తుంది? అవి బొంబాయి పెదాలు. నా మాటకూ అలాగే కదులుతాయి, గుడివాడ పిల్ల మాటకూ అలాగే కదులుతాయి.

ఒకరోజు అమ్మకి విసుగొచ్చింది. "నువ్వే చెప్పు బిడ్డా. నీ మాటలేనాయె గద" అంది.

నిజమే కదా అనిపించింది. లేచి కంప్యూటర్ పక్కన నిలబడ్డాను. హీరోయిన్ బస్సు దిగి నోరు తెరవగానే నేను అందుకున్నాను. ఒక్క మాట మరిచిపోలేదు. పెదవి మూసిన చోట మూశాను, తిప్పిన చోట తిప్పాను. అమ్మ సూదీ దారం పక్కన పెట్టేసింది. కిటికీ దగ్గర పక్కింటి వదిన వచ్చి నిలబడింది. ఆ మధ్యాహ్నం ఆ హీరోయిన్ నాది, ఎవరూ కాదనడానికి లేదు. కరెంటు పోయేదాకా చెప్పాను. నాకు జీవితంలో అంత సంతోషం కలిగిన రోజులు ఎక్కువ లేవు.

మర్నాడు స్టూడియోలో దాని మీదంతా నీళ్ళు చల్లింది గుడివాడ పిల్ల. మా డీవీడీ గోల నేనెవరికో చెబుతుంటే విన్నట్టుంది. దగ్గరికొచ్చి, తమ ఇంట్లో అదే డీవీడీ చక్కగా వస్తోందని చెప్పింది. వాళ్ళాయన హోమ్ థియేటర్ కొన్నారట. ముందు, వెనక, పక్కన, అన్ని వైపులా స్పీకర్లట.

"మధ్యలో పెట్టిన స్పీకర్లో మాటలు ఎంత బాగుంటాయో అక్కా. మా ఇంటికి రండి, కలిసి చూద్దాం" అంది.

కలిసి చూద్దామట. ఆమె సోఫాలో ఆమె పక్కన కూర్చుని, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, నా గొంతు ఉందో పోయిందో వినాలట. పిలిచింది మంచితనంతోనా, వినిపించాలనా? ఆమె మొహంలో వెతికాను, ఏమీ దొరకలేదు. తర్వాత వస్తానులే అన్నాను. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మధ్య స్పీకర్ నా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది. వాళ్ళకి మధ్య స్పీకర్ కూడా ఉంది. మాకు మధ్యలో ఏముంది, అమ్మ కుట్టు సామాను తప్ప.

కృష్ణానగర్‌లో ఆటో దిగుతుంటే ఆగిపోయాను. సినిమా చివర్లో శబ్దాలన్నీ కలిపే హాల్లో ఒకసారి కూర్చున్నాను నేను. అక్కడ తెర వెనక నడిమధ్యన ఒక పెద్ద స్పీకర్ ఉంటుంది. మనుషుల మాటలన్నీ దానిలోనే పెడతారు. సంగీతం, గాలి, వాన అటూ ఇటూ పంచుతారు. మా ఇంట్లో అటూ ఇటూ ఉన్నవి మోగుతున్నాయి. మధ్యది మోగడం లేదు. మోగడానికి అసలు లేదు.

ఇంటికి వెళ్ళగానే తమ్ముణ్ణి అడిగాను, మన కంప్యూటర్ మధ్య స్పీకర్ ఉందనుకుంటోందా అని. వాడు సౌండ్ సెట్టింగుల్లోకి పోయాడు. అక్కడ ఒక బొమ్మ ఉంది. కుర్చీలో మనిషి, చుట్టూ స్పీకర్లు. డీవీడీ అట్ట మీద ఫైవ్ పాయింట్ వన్, అంటే చుట్టూ ఆరు స్పీకర్లు, అని బంగారు అక్షరాలతో ఉంది కాబట్టి, అదే గొప్పదని వాడే అలా పెట్టుకున్నాడు. విండోస్ కొత్తగా వేశాక మళ్ళీ గుర్తుపెట్టుకుని మరీ పెట్టాడు. మా రెండు పిల్ల స్పీకర్లను చూసి కంప్యూటర్, ఇది జూబ్లీహిల్స్ అనుకుని, మాటలన్నీ లేని స్పీకర్‌కు పంపిస్తోంది. పాత వీసీడీల్లో మధ్య స్పీకర్ అనేదే లేదు కాబట్టి వాటి మాటలు వచ్చేవి. సినిమా వాళ్ళ మధ్య బతికే మాలాంటి వాళ్ళే చేస్తారు ఈ పొరపాటు. వాడు నాలుక కరుచుకుని, రెండు స్పీకర్లు ఉన్న బొమ్మ మీద నొక్కాడు.

"ఇగ సూడు అక్కా" అన్నాడు.

అమ్మ పక్కింటి వదినను కేకేసి పిలిచింది. వదిన ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. నాకు ఆపమని చెప్పాలనిపించింది. ముందు నేనొక్కదాన్నే వింటాననాలి. కానీ ఏమని చెప్పను? అందరూ కూర్చున్నారు. బస్సు వచ్చింది. హీరోయిన్ దిగింది. నోరు తెరిచింది.

గుడివాడ పిల్ల మాట్లాడింది.

ఒక్క మాట చాలు నాకు. వాక్యం చివర ఆమె గొంతు కాస్త పైకి లేచి, మెత్తగా దిగుతుంది. అది నాకు రాదు. నేర్చుకుంటే వచ్చేది కాదది. ఇంకా ఎక్కడైనా, ఏ చిన్న సీనులోనైనా నన్ను ఉంచారేమోనని చెవులు రిక్కించుకుని విన్నాను. కాలేజీ సీను ఆమెదే. గుడి సీను ఆమెదే. పాటకు ముందు నవ్వు కూడా ఆమెదే. చాలా బాగా చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. ఆ సంగతి ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు, ఆ తెలియడమే నన్ను కాల్చింది.

అమ్మ మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇగో, నా బిడ్డ" అంది వదినతో. మొన్న గిట్లనే చెప్పింది నిలబడి, అచ్చం గిట్లనే, అని వాళ్ళందరికీ వివరిస్తోంది. వదిన నా భుజం తట్టింది. తమ్ముడు ఒకసారి నా వైపు చూసి, చూపు తెర మీదికి తిప్పుకున్నాడు. నాకు నిజం చెప్పేయాలనిపించింది. ఇన్నాళ్ళూ నల్లా దగ్గర మా అమ్మ తలెత్తుకుని నిలబడడం చూశాను నేను. నోరు రాలేదు. గుడివాడ పిల్ల నా సినిమా తీసుకుంది. ఇప్పుడు మా ఇంటికొచ్చి మా అమ్మను కూడా తీసుకుంది.

సినిమా చివరికి వచ్చింది. హీరోయిన్ తండ్రి చనిపోతాడు. ఆమె గడప దగ్గర కూలబడి ఏడుస్తుంది. మాటలు లేవు, ఉత్త ఏడుపు.

అది నేను.

మొదటి ఎక్కిలికే తెలిసింది. ఆ రోజు చీకటి గదిలో మైకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు అంత ఏడుపు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. ఇన్నేళ్ళ పనిమనుషులు, గుసగుసలు, అక్కా అన్న పిలుపులు అన్నీ కలిసి వచ్చాయి. అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ చెయ్యెత్తి ఆపమన్నా ఆపలేకపోయాను. మాటలన్నీ తీసేసి, ఏడుపు మాత్రం ఉంచుకున్నారు. ఏడుపుకు యాస ఉండదు కదా.

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను అమ్మ వైపు చూశాను. ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఇది నాది, ఇదొక్కటి నాది, అమ్మకు తెలియకుండా ఎలా ఉంటుంది?

అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "గిది నా బిడ్డ గాదు. ఏడ్చేటిది ఇంకెవరో. దాని గొంతు నాకు తెల్వదా?" అని వదినకు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎవలే అది?" అని అడిగింది.

"గుడివాడ పిల్ల" అన్నాను.

అమ్మ మళ్ళీ తెర వైపు తిరిగి, ఆ ఏడుపు అయిపోయేదాకా విన్నది.

"పాపం," అంది. "ఆ పిల్ల కడుపుల ఎంత దుఃఖమున్నదో."